ఇంట్లో కేకులు చేసి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ: వంటగది చూడ్డానికి నిజంగా వస్తారా?

వసుధ_వనిల్లా | 2025 ఫిబ్రవరి 3
హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఆర్డర్ల మీద కేకులు, బ్రౌనీలు, రస్కులు చేస్తున్నాను. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లకే ఇచ్చేదాన్ని. ఇప్పుడు దగ్గర్లోని సూపర్‌మార్కెట్ వాళ్లు బ్రౌనీలు పెట్టుకుంటామన్నారు, కానీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు, సరైన లేబులు లేకుండా లోపలికి తీసుకోం అని తేల్చి చెప్పేశారు.

మా వీధి చివర నెట్ సెంటర్‌కి వెళ్తే నాలుగున్నర వేలు అన్నాడు. "ఇన్‌స్పెక్షన్ కూడా మేమే చూసుకుంటాం మేడమ్" అన్నాడు. అసలు ఫీజు ఎంత అంటే చెప్పడు, రసీదు అడిగితే ఇవ్వడు. డబ్బు కట్టించుకుని అప్లై చేశాడు. ఇప్పుడేమో అప్లికేషన్ వెనక్కి వచ్చింది, ఆఫీసరు ఏదో అడిగారు, ఇంకో రెండు వేలు కావాలంటున్నాడు. లాగిన్ కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. ఒళ్లు మండిపోతోంది.

ఇంకో భయం. మాది మామూలు వంటిల్లు. ఒకే గట్టు, ఒకే ఫ్రిజ్. ఆదివారం వస్తే మా అత్తగారికి చేపల పులుసు ఉండాల్సిందే. ఇదంతా చూసి కుదరదంటారా? వేరే గది ఉండాలా? వచ్చి ఏం చూస్తారు? చేయించుకున్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బెజవాడ_బేక్స్
నాలుగున్నర వేలా! ఏడాదికి వంద రూపాయలండీ. అయిదేళ్లకి ఒకేసారి కట్టినా అయిదొందలు. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫోస్కోస్ సైట్‌లో మీరే చేసుకోవచ్చు. నేను ఫోన్‌లోనే చేశాను. ఫొటో, ఆధార్, చిరునామాకి కరెంటు బిల్లు. అంతే.

మైదాపిండి
మా ఊళ్లో ఏజెంటు ఆరు వేలు తీసుకున్నాడు. మీది నయం.

బెజవాడ_బేక్స్
@మైదాపిండి ఎంత తక్కువ దోచుకున్నాడో లెక్కేసుకుని ఊరడిల్లే స్థితికి వచ్చాం చూశారా.

గోదారి_గట్టు
నేనొక మాట అంటా, కోప్పడకండి. ఈ నంబర్లన్నీ ఎందుకు? ఆత్రేయపురంలో ఇంటింటా ఆడవాళ్లు కుండ బోర్లించి రేకులు తీస్తున్నారు, తరాలుగా. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. మా పిన్ని ఏటా సంక్రాంతికి అరిసెలు, సున్నుండలు చేసి అమ్ముతుంది. ఎవరొచ్చి అడిగారు? రుచి బాగుంటే జనమే వస్తారు. తెలిసినవాళ్లకి అమ్ముకునేదానికి ఈ తలనొప్పి అక్కర్లేదు.

పాత_ఇన్‌స్పెక్టర్
ఈ శాఖలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

@గోదారి_గట్టు ఎవరూ అడగకపోవడం వేరు, చట్టంలో మినహాయింపు ఉండటం వేరు. 2006 ఆహార భద్రత చట్టంలో 31వ సెక్షను చిన్న తయారీదారు, తోపుడు బండి, ఊరూరా తిరుగుతూ అమ్మేవాడు, తాత్కాలిక స్టాలు వీళ్లందరికీ లైసెన్సు అవసరం లేదంది. కానీ రిజిస్ట్రేషన్ చేసుకోవాలని ఆ పక్కనే చెప్పింది. ఇంట్లో చేశారా, షెడ్డులో చేశారా అన్న తేడా ఏమీ లేదు. మీ పిన్నిగారు సున్నుండలు అమ్ముతున్నారంటే ఆవిడా అందులోకే వస్తారు. భయపెట్టడానికి చెప్పట్లేదు, వంద రూపాయల పని కాబట్టి చేయించెయ్యండి.

వసుధమ్మా, మీకు కావాల్సింది రిజిస్ట్రేషన్, లైసెన్సు కాదు. 2025 నాటి నిబంధనల ప్రకారం ఏడాది అమ్మకం 12 లక్షల లోపు, తయారీ రోజుకి వంద కిలోల లోపు ఉంటే 'ఫారం ఏ' అనే దరఖాస్తు చాలు. అది దాటితే రాష్ట్ర లైసెన్సు, దానికి గది ప్లాను, సామాన్ల జాబితా, నీటి పరీక్ష రిపోర్టు వగైరా ఉంటాయి. మీరు విన్న భయాలు సగం లైసెన్సు వాళ్లవి, మీకు అంటగడుతున్నారు.

తనిఖీ సంగతి. దరఖాస్తు అందిన ఏడు రోజుల్లోగా అధికారి నంబరు ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇస్తే ముప్ఫై రోజుల్లో తేల్చాలి. చాలామందికి తనిఖీ లేకుండానే నంబరు వస్తుంది. అయితే వచ్చాక ఏడాదికి ఒకసారైనా చూడాలని నిబంధనల్లోనే ఉంది, కాబట్టి ఎప్పుడైనా తలుపు కొట్టొచ్చు. "ఇన్‌స్పెక్షన్ మేం చూసుకుంటాం" అని ఏజెంటు అనడానికి అసలు అక్కడ చూసుకునేదే లేదు.

ఆఫీసరు ఏం అడిగారో ఆ మాటలు ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టగలరా?

వసుధ_వనిల్లా
ధన్యవాదాలు బాబాయ్ గారూ. ఏజెంటు ఫోన్‌లో చూపించినప్పుడు ఫొటో తీసుకున్నా. ప్యాక్ చేసి దుకాణానికి ఇచ్చే ఆహారమైతే వ్యాపార రకం సరిచేసి మళ్లీ పంపమని ఉంది. వాడు పెట్టింది ఇంటి క్యాంటీన్ / డబ్బావాలా అనే రకం.

పాత_ఇన్‌స్పెక్టర్
అదే అనుకున్నా. ఆఫీసరు సరిగ్గానే అడిగారు. వండి క్యారియర్‌లో పెట్టి ఇచ్చేవాళ్లకి ఆ రకం. మీరు బ్రౌనీ కవర్లో సీలు చేసి వేరే షాపుకిస్తున్నారు, అది తయారీ. జనరల్ మాన్యుఫాక్చరింగ్ తీసుకుని, అందులో ఏడో వర్గం బేకరీ ఉత్పత్తులు ఎంచుకోవాలి. సమాధానం ఇవ్వకుండా నెల గడిచిపోతే ఆ దరఖాస్తు మూసుకుపోతుంది, కట్టిన ఫీజు రాదు. వాడికి ఇంకో రెండు వేలు ఇవ్వకండి. మీ నంబరుతో, మీ మెయిలుతో కొత్తగా వేసుకోండి. పోయేది వందే.

బెజవాడ_బేక్స్
ఇంకోటి. నంబరు వచ్చాక ఏజెంటు ఇచ్చిన కాయితం నమ్మేయకండి. ఫోస్కోస్ మొదటి పేజీలోనే వ్యాపారి పేరు, నంబరు వెతికే చోటు ఉంది. 14 అంకెలు కొట్టి చూడండి. మా ఫ్రెండుకి ఎవడో అచ్చం అలాగే ఉండే సర్టిఫికెట్ ప్రింట్ తీసి ఇచ్చాడు, వెతికితే ఇంకో జిల్లాలో కిరాణా కొట్టు వచ్చింది.

మైదాపిండి
గత ఏడాది తత్కాల్ అని కొత్తగా పెట్టారు కదా, అప్పటికప్పుడు నంబరు ఇస్తారట?

పాత_ఇన్‌స్పెక్టర్
@మైదాపిండి అది చిల్లర దుకాణాలు, పంపిణీదారులు, రవాణా లాంటి వాళ్లకి. తయారీకి వర్తించదు.

ఓరుగల్లు_ఓవెన్
వసుధక్కా, మా ఇంటికి వచ్చిండ్రు. నంబరు వచ్చినంక కొన్ని నెలలకు. ఏం చూసిండ్రో చెప్తా, నువ్వు గాబరా పడకు.

ముందు చెప్పులు బయటనే ఇడిశి లోపలికొచ్చిండ్రు. అది చూశి సగం భయం పోయింది నాకు. వంటింట్ల మొదలు నీళ్లు ఏడికెల్లి వస్తయని అడిగిండ్రు. మా దగ్గర మున్సిపల్ నల్లా, ఫిల్టర్ ఉన్నది. ఫిల్టర్ క్యాండిల్ ఎప్పుడు మార్చినవని అడిగితే సర్వీసోళ్ల స్టిక్కర్ చూపెట్టిన. మైదా బస్తా నేల మీద ఉంటదేమోనని చూసిండ్రు, నేను స్టీలు డబ్బలో పోసి చెక్క పీట మీద పెడ్త. చెత్తబుట్టకు మూత. కిటికీకి జాలి. సింకు కింద తలుపు తీసి బొద్దింకలున్నయా అని టార్చ్ ఏసి మరీ చూసిండ్రు.

ఫ్రిజ్ దగ్గర ఎక్కువ సేపు నిలబడ్డరు. ఇప్పి పెట్టిన విప్పింగ్ క్రీం డబ్బ బయటకు తీశి, "ఇది ఎప్పుడు ఇప్పిండ్రు?" అన్నడు. నేను ఇప్పిన నాడే మార్కర్‌తోని తారీఖు రాస్త డబ్బ మీద. అది చూశి ఊకున్నడు. రంగుల సీసాలు ఒక్కొక్కటి తిప్పి వెనుక అక్షరాలు చదివిండు. ఒకటి ఆన్‌లైన్ల తెప్పించిన మెరుపు పొడి ఉండె, దాని మీద "అలంకరణకు మాత్రమే" అని ఉన్నది. అది తినే వస్తువు కాదమ్మా, కేకు మీద చల్లొద్దు అని చెప్పిండు. ఆ మాట నాకు అంతకుముందు ఎవ్వరు చెప్పలే.

ఆఖరుకు నా గోర్లు చూశిండ్రు. గంతే.

చాక్లెట్_చింటూ
మా ఇంట్లో పిల్లి ఉంది. అదీ చూస్తారా?

ఓరుగల్లు_ఓవెన్
@చాక్లెట్_చింటూ పిల్లి గోర్లు చూడరు కని పిల్లిని మాత్రం చూస్తరు 😄

పాత_ఇన్‌స్పెక్టర్
వంట చేసే చోట జంతువులు ఉండకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల నాలుగో షెడ్యూలులో స్పష్టంగా ఉంది. పిల్లి ఇంట్లో ఉండొచ్చు, వంటగదిలోకి రాకూడదు. చేసే రోజు తలుపు వేసుకోండి. పిల్లి గట్టు మీద నడిచి వెళ్లిందంటే మళ్లీ గట్టంతా కడగాల్సిందే. ఇందులో నవ్వులాట లేదు, వెంట్రుక కేకులో పడితే మీ పేరు పోతుంది.

ఆ షెడ్యూలు మొదటి భాగం చిన్నవాళ్ల కోసమే రాసింది. రెండు మూడు పేజీలే. తాగే నీరు, మూత పెట్టిన చెత్తబుట్ట, జలుబు జ్వరం ఉన్న రోజు చేయకపోవడం, చేతికి గాయమైతే కట్టు, గోళ్లు, శుభ్రమైన బట్టలు, అన్నీ మన అమ్మలు చెప్పేవే. వేరే గది కట్టమని ఎక్కడా లేదు.

చేపల గురించి అడిగారు. పచ్చి చేప ఎప్పుడూ ఫ్రిజ్ కింది అరలో, మూత బిగిసే డబ్బాలో. క్రీం, వెన్న పై అరలో. పచ్చి చేప నీరు క్రీం మీద కారితే ఉడికించడం ఉండదు కదా, అలాగే కస్టమరు నోట్లోకి వెళ్తుంది. చేపలు కోసిన చాకు, చెక్క కేకుకి వాడకండి. వీలైతే ఒక చిన్న ఫ్రిజ్ వేరే కొనండి, సెకండ్‌హ్యాండ్‌దైనా పర్లేదు. అన్నిటికన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది దాని మీదే అంటాను నేను.

కొబ్బరి_బర్ఫీ
గుడ్డు వేసిన కేకుకి ఏ గుర్తు పెట్టాలి? మా గ్రూపులో అందరూ ఆకుపచ్చ చుక్కే పెడుతున్నారు. గుడ్డు వెజ్ అని వాళ్ల వాదన.

బెజవాడ_బేక్స్
నిబంధనల ప్రకారం గుడ్డు నాన్‌వెజ్. పాలు, తేనె లాంటివి మాత్రం వెజ్‌లోకి వస్తాయి. గుడ్డుంటే గోధుమరంగు చుక్క పెట్టాలి.

పాత_ఇన్‌స్పెక్టర్
చుక్క కాదు. 2020 లేబులింగ్ నిబంధనల నుంచి నాన్‌వెజ్‌కి గోధుమరంగు చతురస్రంలో త్రిభుజం. ఆకుపచ్చది మాత్రం గుండ్రంగానే ఉంది. రంగులు సరిగ్గా కనిపించనివాళ్లు ఆకారం చూసి తెలుసుకోవాలని మార్చారు.

@కొబ్బరి_బర్ఫీ మీ గ్రూపులో గట్టిగా చెప్పండి. గుడ్డు ముట్టనివాళ్లు ఆకుపచ్చ చుక్క నమ్మి పసిపిల్ల పుట్టినరోజుకి తీసుకెళ్తారు. వాళ్ల నమ్మకంతో ఆడుకోకూడదు.

కొబ్బరి_బర్ఫీ
మా మామ్మ ఏకాదశి నాడు ఉల్లిపాయ కోసిన చాకు కూడా ముట్టదు. ఆవిడకి ఎవరైనా గుడ్డు కేకు పెట్టి వెజ్ అన్నారంటే తెలిసిన రోజు ఇల్లు పీకి పందిరేస్తుంది. చెప్తాను మా గ్రూపులో.

మైదాపిండి
ఎగ్‌లెస్, గుడ్డు రెండూ చేసేవాళ్లు గిన్నెలు వేరు పెడతారా?

ఓరుగల్లు_ఓవెన్
నేనైతే గిన్నెలు, బీటరు పుల్లలు, టిన్నులు అన్నీ వేరు. గుడ్డు వాటికి ఎర్ర టేపు సుట్టిన. పొద్దుగాల ఎగ్‌లెస్ చేసి ప్యాక్ చేసినంకనే గుడ్లు బయటకు తీస్త.

తిరామిసు_తిరుపతి
తెలంగాణలో పచ్చి గుడ్డు మయోనీస్ నిషేధించారు కదా అక్టోబరులో. మరి తిరామిసు, మూస్ సంగతేంటి? వాటిలోనూ పచ్చి గుడ్డే.

పాత_ఇన్‌స్పెక్టర్
2024 అక్టోబరు 30న ఏడాదికి నిషేధించారు, ఆ ఉత్తర్వు మయోనీస్ వరకే. కానీ సాల్మొనెల్లా క్రిమికి మయోనీసా మూసా అన్న తేడా లేదు. ఇంటి నుంచి అమ్మేవాళ్లు పచ్చి గుడ్డు వంటకాలు మానేయడం మంచిది. చల్లటి క్రీంతో, గుడ్డు లేకుండా చేసే పద్ధతులు బోలెడున్నాయి.

గోదారి_గట్టు
సరే, చదువుతున్నా. రంగుల గురించి ఎవరైనా చెప్పండి. రెడ్ వెల్వెట్ కేకుకి రంగు వెయ్యకపోతే కస్టమర్లు ఒప్పుకోరు, పిన్ని కూతురు ఇప్పుడు అవే చేస్తోంది.

బెజవాడ_బేక్స్
2024లో కర్ణాటకలో కేకులు పరీక్షించారు. 235 నమూనాల్లో 12 పనికిరావని తేలాయి, వాటిలో రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ ఉన్నాయి. అల్యూరా రెడ్, పోన్సో 4ఆర్, టార్ట్రజీన్, కార్మోయిజిన్, సన్‌సెట్ ఎల్లో ఇవే పేర్లు. వీటిలో చాలావరకు దేశంలో అనుమతి ఉన్న రంగులే, మోతాదు మించడం వల్ల వచ్చిన గొడవ.

పాత_ఇన్‌స్పెక్టర్
అవును. సీసా మీద ఐఎన్ఎస్ నంబరు (ఆ రంగుకి ఉండే అంతర్జాతీయ సంఖ్య), ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు రెండూ ఉండాలి. నంబరు లేని పొడి రంగు బజార్లో పొట్లాల్లో అమ్ముతారు, దాని జోలికి వెళ్లొద్దు. జెల్ రంగుని చెంచాతో కాదు, టూత్‌పిక్ మొనతో తీసుకోవాలి. రెడ్ వెల్వెట్‌కి బీట్‌రూట్ పొడి వేసి చూడమనండి, ఎరుపు తగ్గుతుంది కానీ తినేవాళ్లు పిల్లలు.

తూకం_రాజు
లేబులు గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. వసుధ గారు సూపర్‌మార్కెట్‌కి ఇస్తున్నారు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక్కటే సరిపోదు, తూనికలు కొలతల శాఖ నిబంధనలు కూడా వర్తిస్తాయి. పేరు, మీ పూర్తి చిరునామా, నికర బరువు గ్రాముల్లో, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో ఆ తేదీ, బ్యాచ్ నంబరు, ఫిర్యాదుకి ఫోను. పదార్థాలు ఎక్కువ బరువున్నది ముందు వచ్చేలా రాయాలి. గోధుమ, పాలు, గుడ్డు, గింజలు ఉంటే అలెర్జీ హెచ్చరిక విడిగా ఉండాలి.

మీ కాటాకి ముద్ర ఉందా? ఆన్‌లైన్లో కొన్న కిచెన్ కాటాతో తూచి అమ్మడం కుదరదు. ముద్ర వేసిన కాటా కొనండి, ఎప్పటికప్పుడు మళ్లీ ముద్ర వేయించుకోండి. బ్రౌనీ వేడి మీద తూచకండి, చల్లారాక బరువు తగ్గుతుంది. 200 గ్రాములని రాసి 188 ఉంటే షాపువాడిని కాదు, ప్యాకెట్ మీద ఎవరి పేరుందో వాళ్లనే పట్టుకుంటారు.

వసుధ_వనిల్లా
వేడి మీదే తూచి సీల్ చేస్తున్నాను ఇప్పటిదాకా. లోపల ఆవిరి పట్టేది కూడా అందుకే అనుకుంటా.

తూకం_రాజు
ఆవిరి పడితే మూడో రోజుకి బూజు. పూర్తిగా చల్లారనివ్వండి.

డల్లాస్_దుర్గ
ఇక్కడ టెక్సస్‌లో మేం చేసేది వింటే ఆశ్చర్యపోతారు. ఇంటి నుంచి బ్రెడ్డు, కుకీలు, కేకులు అమ్మడానికి లైసెన్సు లేదు, తనిఖీ లేదు. ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు ఒకటి ఆన్‌లైన్లో చేయాలి. 2024లో ఏడాది అమ్మకం 50 వేల డాలర్లు దాటకూడదని ఉండేది. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి కూడా అమ్మనిచ్చేవాళ్లు కాదు, కాబట్టి క్రీం కేకులు బంద్. లేబులు మీద ఇది తనిఖీ జరగని ఇంటి వంటగదిలో చేసింది అని రాయాలి. మా గుడి దగ్గర మేళాలో కొబ్బరి బిస్కెట్లు పెడితే ఆ వాక్యం చదివి ఒకావిడ వెనక్కి పెట్టేసింది. అక్కడ ఇండియాలో నంబరు ఇచ్చి చూస్తారు కదా, అదే నయం అనిపిస్తుంది నాకు.

రెడింగ్_రాధ
యూకేలో పూర్తిగా ఎదురు. వ్యాపారం మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే కౌన్సిల్‌లో నమోదు చేయాలి, డబ్బేం అడగరు. తర్వాత ఇంటికి వచ్చి చూసి సున్నా నుంచి అయిదు దాకా మార్కులేస్తారు, ఎవరైనా ఆన్‌లైన్లో చూడొచ్చు. నాకు మా ఆఫీసరు అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: నువ్వుల నూనె సీసా, వనిల్లా సీసా ఒకే అరలో ఎందుకు పెట్టావు? ఇక్కడ 14 అలెర్జీ పదార్థాలున్నాయి, వాటిలో నువ్వులు ఒకటి. మన ఇళ్లలో నువ్వులు లేని మూల ఉండదు కదా! ఆ రోజు నుంచి బేకింగ్ సామాన్లకి వేరే బీరువా.

ఫ్లాట్_నంబర్_402
అసలు తలనొప్పి ఇంకా ఎవరూ రాయలేదు. అసోసియేషన్! మా అపార్ట్‌మెంట్‌లో కమర్షియల్ పనులు కుదరవని సెక్రటరీ నోటీసు అంటించాడు. డెలివరీ అబ్బాయిలు లిఫ్టు వాడుతున్నారని మొదలైంది.

బెజవాడ_బేక్స్
మాకూ వచ్చింది. పోట్లాడకుండా నేను డెలివరీలు గేటు దగ్గరే ఇస్తానని, సాయంత్రం ఆరు దాటితే ఉండవని కాగితం మీద రాసిచ్చాను. ఊరుకున్నారు. అద్దె ఇల్లయితే ఓనరుతో రాయించుకున్న ఒప్పందం దగ్గరుంచుకోండి.

ఫ్లాట్_నంబర్_402
మా సెక్రటరీ కాగితానికి లొంగే రకం కాదు. ఆయన మనవరాలి పుట్టినరోజు ఈ నెలలోనే ఉందట. కేకు పంపనా?

కొబ్బరి_బర్ఫీ
ఎగ్‌లెస్ పంపండి. త్రిభుజం చూస్తే ఇంకో నోటీసు అంటిస్తాడు 😄

గోదారి_గట్టు
గ్యాస్ ఓవెన్ వాడేవాళ్లు ఇంటి సిలిండరే వాడొచ్చా?

పాత_ఇన్‌స్పెక్టర్
వాడకూడదు. 14.2 కిలోలది ఇంటి వాడకానికే. వ్యాపారానికి 19 కిలోల నీలం సిలిండరు తీసుకోవాలి. అది పౌరసరఫరాల వాళ్ల పరిధి, దొరికితే సిలిండరు పట్టుకుపోతారు.

ఇంకో మాట, ఎవరైనా వచ్చి శాంపిలు తీస్తే కంగారుపడొద్దు. నాలుగు భాగాలు చేసి మీ ముందే సీలు వేస్తారు, వస్తువు ఖరీదు మీకు ఇవ్వాలి. ఒక భాగం ఫుడ్ అనలిస్టుకి వెళ్తుంది, తెలంగాణలోనైతే నాచారం ల్యాబుకి. 14 రోజుల్లో రిపోర్టు రావాలి. మీరు అడిగితే నాలుగో భాగం గుర్తింపు ఉన్న వేరే ల్యాబుకి పంపుతారు. అది మీ హక్కు, కాగితం మీద రాసి అడగండి.

మైదాపిండి
ఇది తెలియదు నాకు. సేవ్ చేసుకుంటున్నా.

సంఘం_సరోజ
మహిళా సంఘాల్లో ఉన్నవాళ్లకి: పీఎంఎఫ్ఎంఈ అని చిన్న ఆహార తయారీదారుల కోసం కేంద్రం పెట్టిన పథకంలో ఓవెన్, మిక్సర్ లాంటివాటికి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఉంది, పది లక్షల దాకా. సంఘం సభ్యులకి పెట్టుబడిగా 40 వేల వరకు ఇస్తారు. బ్యాంకు రుణంతో ముడిపడి ఉంటుంది. మా బ్యాంకులో మొదట అడిగిన కాగితం ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరే. గోదారి గట్టు గారూ, మీ పిన్నిగారికి చెప్పండి.

గోదారి_గట్టు
చెప్పాను. పెద్ద ఓవెన్‌కి సబ్సిడీ అనగానే ఆధార్ కార్డు వెతుకుతోంది. చట్టం అంటే కదల్లేదు మరి.

వసుధ_వనిల్లా | 2025 ఫిబ్రవరి 16
కొత్తగా నేనే వేశాను, బేకరీ ఉత్పత్తులు వర్గం కింద. నంబరు వచ్చింది! తనిఖీ నోటీసు రాలేదు. ఏజెంటు దగ్గరికి వెళ్లి, టోల్‌ఫ్రీ 1800112100కి ఫిర్యాదు చేస్తానని అంటే మూడు వేలు వెనక్కి ఇచ్చాడు, మిగతాది కూడా వదలను. సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్ ఒకటి చూసి వచ్చాం, చిన్నది. అత్తగారు దాన్ని చూసి "నా చేపలకి ఇదా?" అన్నారు. పాతదే చేపలకి, కొత్తది క్రీంకి అని ఒప్పించాను.

ఒక సందేహం. బిల్లు మీద కూడా నంబరు వేయాలా, లేబులు మీద ఉంటే చాలా?

బెజవాడ_బేక్స్
బిల్లు మీదా వేయాలి. 2022 జనవరి నుంచి తప్పనిసరి. చేత్తో రాసే బిల్లు పుస్తకమైతే రబ్బరు స్టాంపు చేయించుకోండి.

ఓరుగల్లు_ఓవెన్
శుభాకాంక్షలు అక్కా. ఫ్రిజ్‌ల ఒక చిన్న థర్మామీటర్ పెట్టు. అయిదు డిగ్రీలు దాటనియ్యకు, కరెంటు పోయినప్పుడు తలుపు తియ్యకు.

ఫ్లాట్_నంబర్_402
సెక్రటరీ గారికి ఎగ్‌లెస్ పైనాపిల్ కేకు వెళ్లింది. నోటీసు తీశారు. డెలివరీలు గేటు దగ్గరే ఇవ్వాలనేది మాత్రం అలాగే ఉంది.